సాంట్రో టైమింగ్ బెల్టు ఇంట్లోనే మార్చుకోవడం ఎలా

నా సాంట్రో జింగ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అమ్మినాయన "టైమింగ్ బెల్టు మొన్ననే మార్పించాం" అన్నాడు. నేను బిల్లు అడగలేదు. ఏడాది తిరక్కుండానే ఒకరోజు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. పొగ లేదు, పెద్ద చప్పుడూ లేదు. పక్కకు తీసి సెల్ఫ్ కొడితే ఇంజను ఎప్పుడూ లేనంత తేలిగ్గా, గిర్రున తిరిగింది. లోపల ఏదీ అడ్డుపడనట్టు అలా ఖాళీగా తిరిగితే బెల్టు తెగిందనే అర్థం. హెడ్డు (వాల్వులుండే ఇంజను పైభాగం) దించి చూస్తే 12 వాల్వుల్లో 7 వంగిపోయి ఉన్నాయి. బెల్టు ఖరీదుకీ ఆ హెడ్డు పనికి అయిన ఖర్చుకీ పొంతనే లేదు.

ఆ తర్వాత ఈ పని నేర్చుకున్నాను. ఇప్పటికి మా బండికి, చుట్టాల బళ్ళకు కలిపి నాలుగుసార్లు చేశాను. ఇందులో కండబలం అవసరమయ్యే చోటు ఒక్కటే ఉంది. మిగతాదంతా గుర్తులు సరిగ్గా కలిపి, కీ తిప్పే ముందు చేత్తో తిప్పి చూసుకోవడమే. ఓపిగ్గా ఆ రెండూ చేసేవాళ్ళెవరైనా ఈ బెల్టు మార్చుకోగలరు.

మీ బండికి బెల్టు ఉందా, చైను ఉందా?

నేను చెప్పేది 1,086 సీసీ, నాలుగు సిలిండర్ల ఎప్సిలాన్ పెట్రోల్ ఇంజను గురించి. సాంట్రో జింగ్‌లో ఉన్నది అదే, మొదటి ఐ10 1.1లో ఉన్నదీ ఆ కుటుంబమే. అదే ఐ10లో 1.2 కప్పా ఇంజను ఉంటే దానికి టైమింగ్ చైను ఉంటుంది, ఈ పనే అక్కర్లేదు. మారుతీల్లోనూ ఇంతే. పాత 796 సీసీ ఆల్టోకు బెల్టు, కే10 ఇంజనుకు చైను. కాబట్టి స్పానర్ పట్టే ముందు ఆర్సీలో సీసీ ఎంతో, బానెట్ కింద ఉన్నది ఏ ఇంజనో చూసుకోండి. మీది వేరే బండైనా పని వరస చాలావరకు ఇదే. గుర్తులు ఎక్కడుంటాయి, బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఎలా పనిచేస్తుంది అన్నవి మాత్రం బండిని బట్టి మారతాయి. వాటికి ఆ బండి వర్క్‌షాప్ మాన్యువల్ చూడాల్సిందే.

బెల్టు చేసే పని రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే మున్ముందు ప్రతి అడుగూ దీనిమీదే ఆధారపడి ఉంది. కింద పిస్టన్లను ఆడించేది క్రాంక్. పైన వాల్వులు తెరిచి మూసేది క్యామ్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా చూసేది బెల్టు. ఈ ఇంజన్లో పిస్టన్ పైకి వచ్చే చోటూ, వాల్వు కిందికి దిగే చోటూ ఒకటే. ఇద్దరూ వేళ తప్పకుండా వచ్చిపోతున్నంతసేపూ గొడవ లేదు. బెల్టు తెగినా, పళ్ళు జారినా ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, వంగేది వాల్వే.

ఎప్పుడు మార్చాలి?

మాన్యువల్‌లో కిలోమీటర్లు రాసి ఉంటాయి, అదే లెక్క. అయితే రబ్బరుకు కిలోమీటర్లతో పాటు వయసూ ఉంటుంది. నెలకు రెండుసార్లు గుడికీ పెళ్ళిళ్ళకీ తీసే బండి పదేళ్ళలో 40 వేలు కూడా తిరగకపోవచ్చు, కానీ బెల్టు పదేళ్ళది. పైగా మన రామగుండం, రెంటచింతల ఎండల్లో బానెట్ కింద అది ఎంత వేడిలో నలుగుతుందో ఊహించండి. సెకండ్ హ్యాండ్ బండి కొంటే, బిల్లు చేతిలో లేకపోతే, మార్చలేదనే అనుకోండి. ఈ ఒక్క విషయంలో మాట నమ్మొద్దు.

పై కవరు రెండు మూడు బోల్టులతో వచ్చేస్తుంది. తీసి టార్చిలైటు వేసి బెల్టు చూడొచ్చు. పళ్ళ మొదట్లో సన్నటి చీలికలు, అంచున పీచు లేవడం, వీపు అద్దంలా మెరవడం, ఆయిల్ తడి కనిపించడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆగొద్దు. అయితే పైకి బాగుందని కనబడితే ధీమా పడటానికి మాత్రం లేదు. నాది తెగడానికి రెండు నెలల ముందు ఓ మెకానిక్ కవరు తీసి చూసి "బానే ఉందన్నా" అన్నాడు.

సామాను

ముందు కొనాల్సినవి. బెల్టు ఒక్కటే కొనకండి. టెన్షనర్ బేరింగు కూడా తప్పకుండా మార్చండి, బెల్టును దారి మళ్ళించే ఐడ్లర్ పుల్లీ ఉంటే అదీ. కొత్త బెల్టు వేసి పాత బేరింగు ఉంచితే, ఆ బేరింగు పట్టేసిన రోజున కొత్త బెల్టే తెగుతుంది. హ్యుందాయ్ అసలు పార్టులు అమ్మే మోబిస్ కౌంటర్లో గానీ, గేట్స్ లాంటి పేరున్న కంపెనీది నమ్మకమైన షాపులో గానీ తీసుకోండి. విజయవాడ ఆటోనగర్లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరకని పార్టు ఉండదు, కానీ నకిలీ సరుకు దొరికేదీ అలాంటి పెద్ద బజార్లలోనే. అట్టపెట్టె మీద ముద్ర, పార్టు నంబరు చూసుకోండి, బిల్లు తీసుకోండి. బండి ఛాసిస్ నంబరు చెప్తే సరైన పార్టు ఇస్తారు. కొత్త బెల్టునూ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి పళ్ళు లెక్కపెట్టి, వెడల్పు కొలిచిన తర్వాతే ఎక్కించాలి.

క్యామ్ ఆయిల్ సీలు, క్రాంక్ ముందు ఆయిల్ సీలు తెచ్చి దగ్గర పెట్టుకోండి. ఖరీదు తక్కువే. బెల్టు తీశాక అక్కడ తడి కనిపిస్తే అప్పుడు షాపుకు పరుగెత్తే పని ఉండదు. ఇక వాటర్ పంపు సంగతి. "టైమింగ్ బెల్టుతో పాటు వాటర్ పంపూ మార్చాలి" అని అందరూ చెప్తారు. చాలా బళ్ళలో టైమింగ్ బెల్టే పంపును తిప్పుతుంది కాబట్టి ఆ మాట నిజమే. ఈ సాంట్రో ఇంజన్లో పంపును తిప్పేది బయటి ఆల్టర్నేటర్ బెల్టు. అందుకని పంపు బాగుంటే దాని జోలికి వెళ్ళక్కర్లేదు. పుల్లీ ఎలాగూ విప్పుతారు కాబట్టి చేత్తో ఊపి చూడండి. ఊగినా, గరగరమన్నా, కూలెంట్ మరకలున్నా అప్పుడు మార్చండి. బయటి బెల్టులు పాతవైతే అవి మాత్రం ఇప్పుడే కొత్తవి వేసేయండి.

పనిముట్లలో 10, 12, 14, 17 సాకెట్లు, రింగు స్పానర్లు, క్రాంక్ బోల్టుకు సరిపోయే సాకెట్టు, పొడవాటి టామీ రాడ్డు, దానికి తొడగడానికి ఓ ఇనుప పైపు ఉండాలి. బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్ కచ్చితంగా కావాలి. కొనలేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర ఒకరోజుకు అడిగి తీసుకోండి. హైడ్రాలిక్ జాకీ, లేపిన బండిని మోసే యాక్సిల్ స్టాండ్లు రెండు, మందపాటి చెక్క దిమ్మె, కరెక్షన్ ఫ్లూయిడ్ సీసా లేదా తెల్ల పెయింట్ పెన్ను, టార్చిలైటు, ఫోను, కాస్త పెద్ద అట్టముక్క. ఇవి కాక బ్రేకు తొక్కడానికి ఒక మనిషి.

బండితో వచ్చిన కత్తెర జాకీ మీద నమ్మకం పెట్టుకుని కింద దూరొద్దు. ఇటుకలు, గ్రానైటు రాళ్ళు స్టాండుగా పెట్టొద్దు. ఇటుక బరువు కింద ముందస్తు హెచ్చరిక ఏమీ లేకుండా పొడిపొడి అయిపోతుంది. స్టాండ్లు లేకపోతే ఆ రోజు పని మొదలుపెట్టకండి.

రోజు కూడా చూసుకోండి. ఆదివారం మొదలుపెడితే మధ్యలో ఒక బోల్టు విరిగినా పార్టుల షాపులు మూసి ఉంటాయి. శనివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టండి. మొదటిసారి చేసేవాళ్ళకు పూర్తి రోజు పడుతుంది. అత్యవసరానికి ఇంట్లో ఇంకో బండి ఉండేలా చూసుకోండి. ఇంతకుముందు ఆల్టర్నేటర్ బెల్టు గానీ, బ్రేకు ప్యాడ్లు గానీ సొంతంగా మార్చి ఉండకపోతే ముందు అవి చేసి, తర్వాత దీనికి రండి.

విప్పడం

ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. సమతలంగా ఉన్న గచ్చు మీద బండి పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేయండి. డ్రైవర్ వైపు ముందు చక్రం నట్లు నేలమీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేసి, అప్పుడు లేపి, స్టాండు పెట్టి, చక్రం తీయండి. తీసిన చక్రాన్ని బండి కిందికి తోసి ఉంచడం నాకు అలవాటు. స్టాండు జారినా దానిమీద ఆగుతుంది. చక్రం వెనకున్న ప్లాస్టిక్ షీల్డు తీస్తే క్రాంక్ పుల్లీ ఎదురుగా కనిపిస్తుంది.

ఇక్కడి నుంచి ప్రతి అడుగుకూ ఫోటో తీయండి. అట్టముక్క మీద ఇంజను బొమ్మ లాంటిది గీసి, ఏ బోల్టు ఎక్కడ తీశారో అక్కడ గుచ్చండి. కవరు బోల్టులు చూడటానికి ఒకేలా ఉన్నా పొడవులు తేడా ఉంటాయి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అల్యూమినియం మర చెడిపోతుంది.

బయటి బెల్టులు తీయకముందే వాటర్ పంపు పుల్లీ బోల్టులు నాలుగూ వదులు చేయండి. బెల్టు పట్టి ఉన్నప్పుడు పుల్లీ తిరగదు, తేలిగ్గా వస్తాయి. బెల్టు తీశాక చేస్తే పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, మీకు విసుగొస్తుంది. తర్వాత ఏసీ బెల్టు, పవర్ స్టీరింగు ఉంటే దాని బెల్టు, ఆల్టర్నేటర్ బెల్టు వరసగా తీయండి.

స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పండి. చాలామంది ఇది అనవసరం అనుకుంటారు, నేను మాత్రం వదలను. ప్లగ్గులు లేకపోతే సిలిండర్లో గాలి అడ్డుపడదు, క్రాంక్ చేత్తో మెత్తగా తిరుగుతుంది. లోపల ఇనుము ఇనుముకు తగిలితే ఆ తేడా వెంటనే చేతికి తెలుస్తుంది. ప్లగ్గు రంధ్రాల్లో ఏమీ పడకుండా శుభ్రమైన గుడ్డ పెట్టండి.

కండబలం కావాల్సిన చోటు ఇప్పుడొచ్చింది, క్రాంక్ పుల్లీ బోల్టు. 140 నుంచి 150 న్యూటన్ మీటర్లకు బిగించి, ఏళ్ళ తరబడి మట్టి పట్టి ఉంటుంది. ముందురోజు రాత్రే పట్టేసిన బోల్టులు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి ఉంచితే మంచిది. సీట్లో మనిషిని కూర్చోబెట్టి, బండి అయిదో గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కించండి. సాకెట్టు నిండుగా దిగిందో లేదో చూసుకుని, రాడ్డుకు పైపు తొడిగి, ఒక్క ఊపులో కాకుండా బరువు పెంచుకుంటూ గడియారానికి వ్యతిరేకంగా లాగండి. మామూలు మరే, తిరగేసిన మర కాదు. టక్కుమని వదులుతుంది. సెల్ఫ్ కొట్టి విప్పే కిటుకు ఒకటి కొందరు చూపిస్తారు. అది చేయొద్దు. రాడ్డు ఎగిరి చెయ్యి విరుగుతుంది. ఎంతకీ రాకపోతే పక్క మెకానిక్‌ను పిలిచి ఇంపాక్ట్ గన్‌తో ఆ ఒక్కటీ వదులు చేయించుకోండి, తప్పేం లేదు.

వదులయ్యాక బోల్టు పూర్తిగా తీసేయకండి. గేరు న్యూట్రల్ చేయండి.

గుర్తులు కలపడం

నెమ్మదించాల్సిన చోటు ఇది. టీ తాగి రండి, ఫోను సైలెంట్‌లో పెట్టండి.

పై కవరు తీయండి, క్యామ్ పుల్లీ కనిపిస్తుంది. క్రాంక్‌ను గడియారం తిరిగే వైపే, నెమ్మదిగా తిప్పండి. వ్యతిరేక దిశలో తిప్పొద్దు. క్రాంక్ పుల్లీ మీద గాటు ఒకటి ఉంటుంది, అది కింది కవరు మీద స్కేలులోని ఇంగ్లీషు 'టీ' (T) అక్షరం గుర్తుకు ఎదురుగా రావాలి. అదే సమయంలో క్యామ్ పుల్లీ మీది గుర్తు హెడ్డు మీది గుర్తుకు సరిగ్గా ఎదురు రావాలి. క్రాంక్ గుర్తు కలిసి, క్యామ్ గుర్తు కిందికి పోయి ఉంటే కంగారు పడకండి. క్యామ్ సగం చుట్టే తిరిగిందన్నమాట. క్రాంక్ ఇంకో పూర్తి చుట్టు తిప్పండి, రెండూ కలుస్తాయి. అప్పుడు ఒకటో సిలిండర్ పిస్టన్ కంప్రెషన్ మీద పైకి వచ్చి ఉంటుంది.

గుర్తును ఎదురుగా నిలబడి చూడాలి. పక్కనుంచి చూస్తే ఒక పన్ను తేడా కనిపిస్తుంది, లేని తప్పు ఉన్నట్టో, ఉన్న తప్పు లేనట్టో. చెయ్యి దూరని చోట ఫోను పెట్టి తిన్నగా ఫోటో తీసి చూడండి.

ఇంజనును బాడీకి పట్టి ఉంచే మౌంటింగు తీయాలి ఇప్పుడు. డ్రైవర్ వైపు మౌంటు బెల్టు దారికి అడ్డంగా ఉంటుంది. జాకీ మీద చెక్క దిమ్మె పెట్టి, ఆయిల్ సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద ఆనించి, ఇంజను బరువు పట్టేంత వరకే లేపండి. చెక్క లేకుండా లేపితే సంపు పలచటి రేకు, సొట్ట పడుతుంది. ఇంజను పట్టు దొరికాక మౌంటు బోల్టులు విప్పండి. ఆ తర్వాత జాకీని ముట్టుకోవద్దు.

క్రాంక్ బోల్టు తీసి పుల్లీ లాగండి. ఊపుతూ లాగితే వస్తుంది. కింది కవరు విప్పండి. బెల్టుకు బయటి వైపు పళ్ళెం లాంటి రేకు ఒకటి ఉంటే, దాని వంపు ఎటు ఉందో ఫోటో తీసుకోండి, తిరగేసి వేస్తే బెల్టు అంచు కోసుకుపోతుంది. బోల్టును తిరిగి క్రాంక్‌లో పెట్టి కొద్దిగా బిగించండి, క్రాంక్ తిప్పడానికి అదే పిడి. పుల్లీ పోయింది కాబట్టి 'టీ' గుర్తు ఇక ఉండదు. లోపల క్రాంక్ చిన్న పుల్లీ మీద ఒక గుర్తు, ఆయిల్ పంపు బాడీ మీద ఒక గుర్తు ఉంటాయి. అవి ఎదురుబొదురుగా ఉన్నాయో లేదో చూడండి.

బెల్టు ఇంకా ఎక్కి ఉండగానే తెల్ల రంగుతో మీ సొంత గుర్తులు పెట్టండి. క్యామ్ పుల్లీ పన్ను మీద, దానికి తగిలిన బెల్టు పన్ను మీద ఒక గీత. క్రాంక్ పుల్లీ దగ్గర అలాగే ఇంకో గీత. బెల్టు తిరిగే దిశకు ఒక బాణం. పాత బెల్టు తీశాక ఈ రెండు గీతల మధ్య పళ్ళు రెండు వైపులా లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. అదే లెక్కతో కొత్త బెల్టు మీద గీతలు పెట్టండి. ఫ్యాక్టరీ గుర్తులు ఎలాగూ ఉన్నాయి, ఇది వాటికి తోడు సాక్ష్యం. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇంతకుముందు ఎవరైనా ఒక పన్ను తప్పుగా వేసి ఉంటే మీ గీతలు ఆ తప్పునే కాపీ చేస్తాయి. రెండూ ఏకీభవించకపోతే ఫ్యాక్టరీ గుర్తులనే నమ్మండి.

పాతది తీసి, కొత్తది ఎక్కించడం

టెన్షనర్‌కు స్ప్రింగు ఉంటుంది. దాని బోల్టులు వదులు చేసి, టెన్షనర్‌ను బెల్టుకు దూరంగా నెట్టి, తాత్కాలికంగా బిగించండి. బెల్టు వదులవుతుంది, జారి చేతిలోకి వస్తుంది.

బెల్టు లేనంతసేపు క్యామ్‌ను గానీ క్రాంక్‌ను గానీ ఇష్టమొచ్చినట్టు తిప్పొద్దు. వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ దానంతటదే ఒకటి రెండు పళ్ళు జరగొచ్చు. అప్పుడు స్పానర్ పెట్టి ఆ కొద్దిపాటి మాత్రమే వెనక్కి తేవాలి. గట్టిగా తగిలితే ఆగండి, బలవంతం చేయకండి.

పాత బెల్టును చేతిలో పట్టుకుని ఒకసారి వెనక్కి వంచి చూడండి. మొన్న మా బావమరిది బండిది తీసినప్పుడు పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. వెనక్కి వంచగానే ప్రతి పన్ను మొదట్లో వెంట్రుకంత చీలిక నోరు తెరిచింది, ఒకచోట గోరు పెడితే లోపలి తెల్లటి దారాలు కనిపించాయి. బాగానే కనిపించే బెల్టులు దారిలో ఎందుకు తెగుతాయో అప్పుడు అర్థమవుతుంది. ఇలా వంచడం పాతదానికే. కొత్త బెల్టును మడవడం, మెలిపెట్టడం, తిరగేసి వంచడం, స్క్రూడ్రైవర్‌తో లాగి ఎక్కించడం ఏవీ చేయొద్దు, లోపలి దారాలు తెగుతాయి. ఆయిల్ చేతులతో ముట్టుకోవద్దు.

బెల్టు లేని ఈ సమయంలోనే సీళ్ళు చూడండి. క్యామ్ వెనక, క్రాంక్ వెనక తడి ఉంటే మార్చేయండి. పాత సీలు తీసేటప్పుడు షాఫ్టు మీద గీత పడకూడదు, పడితే కొత్త సీలు కూడా కారుతుంది. పుల్లీలు, కవర్ల లోపల పొడిగుడ్డతో తుడవండి. పెట్రోలు, డీజిలు పోసి కడగొద్దు.

కొత్త టెన్షనర్, స్ప్రింగు ఎక్కించి వెనక్కి నెట్టి పట్టి ఉంచండి. గుర్తులు మళ్ళీ చూడండి. ముందు క్రాంక్ పుల్లీకి బెల్టు తగిలించండి. టెన్షనర్ లేని వైపు బెల్టును తాడులా బిర్రుగా లాగి పట్టుకుని, అలాగే క్యామ్ పుల్లీ మీదికి ఎక్కించి, చివరగా టెన్షనర్ మీదికి తోయండి. వదులంతా టెన్షనర్ వైపే ఉండాలి. అటుపక్క కొంచెం వదులు మిగిలినా, టెన్షనర్ లాగినప్పుడు క్యామ్ ఒక పన్ను జరిగిపోతుంది. మొదటిసారి చేసినప్పుడు నాకు ఇక్కడే మూడుసార్లు తప్పింది. తప్పితే తీసి మళ్ళీ వేయండి, అంతే.

ఇప్పుడు టెన్షనర్ బోల్టులు వదలండి. స్ప్రింగు దానంతటదే బెల్టును లాగి పట్టుకుంటుంది. మీరు రాడ్డు పెట్టి అదనంగా నొక్కకండి. టెన్షనర్‌లో ఒక బోల్టు పొడవాటి గాడిలో ఉంటుంది, ఇంకోటి అది తిరిగే ఇరుసు. ముందు గాడిలో ఉన్నది బిగించి, తర్వాత ఇరుసుది బిగించాలి. తిరగేసి చేస్తే బోల్టు తిరిగేటప్పుడు టెన్షనర్‌ను కూడా తనతో తిప్పేసి బిగువు మారుస్తుంది.

చేత్తో రెండు చుట్లు

క్రాంక్‌ను స్పానర్‌తో గడియారం వైపు రెండు పూర్తి చుట్లు తిప్పండి. నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో. ప్లగ్గులు లేవు కాబట్టి చెయ్యి ఏ మాత్రం బిగుసుకోకూడదు. ఎక్కడైనా ఠక్కున ఆగితే అక్కడే ఆపండి. వాల్వు పిస్టన్‌కు తగిలి ఉండొచ్చు. చేత్తో తగిలితే ఏమీ కాదు, సెల్ఫ్ మోటారుతో తగిలితేనే వంగుతుంది. బెల్టు తీసి మళ్ళీ మొదటినుంచి కలపండి.

రెండు చుట్లు పూర్తయ్యేసరికి క్యామ్ ఒక చుట్టు తిరిగి ఉంటుంది. క్రాంక్ గుర్తు, క్యామ్ గుర్తు రెండూ తిరిగి తమ తమ చోట్లకు రావాలి. బెల్టు మీద మీరు గీసిన తెల్ల గీతలు మాత్రం కలవవు, ఎక్కడికో పోయి ఉంటాయి. బెల్టు పళ్ళ సంఖ్య వేరు కాబట్టి అది సహజమే. మా తమ్ముడు ఇది తెలియక గీతలు పోయాయని భయపడి, సరిగ్గా వేసిన బెల్టును రెండుసార్లు విప్పాడు. చూడాల్సింది పుల్లీల మీది గుర్తులనే.

ఒక్క పన్ను తేడా ఉన్నా సరిపెట్టుకోవద్దు. ఒక పన్ను తప్పితే ఇంజను స్టార్టవుతుంది, కానీ పికప్ ఉండదు, ఐడ్లింగులో వణుకుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలగొచ్చు. ఇంకా ఎక్కువ తప్పితే వాల్వులే పోతాయి.

తిప్పాక టెన్షనర్ బోల్టులు ఒకసారి వదులు చేసి, స్ప్రింగును మళ్ళీ సర్దుకోనిచ్చి, అదే వరసలో టార్క్ రెంచ్‌తో బిగించండి. బెల్టును వేళ్ళతో పట్టుకుని 90 డిగ్రీలు మెలితిప్పి చూసే పాత పద్ధతి మన మెకానిక్కులందరికీ తెలుసు. అది అంచనాకు పనికొస్తుంది. నొక్కితే ఎంత లోపలికి పోవాలో మాన్యువల్‌లో ఉన్న కొలతే అసలైన పరీక్ష. బిగువు ఎక్కువైతే ఇంజను నడిచేటప్పుడు ఈల లాంటి సన్నటి శబ్దం వస్తుంది, బేరింగు త్వరగా పోతుంది. వదులైతే బెల్టు కవరుకు తగిలి టపటపమంటుంది. ఆ తర్వాత ఇంకో రెండు చుట్లు తిప్పి గుర్తులు చూడండి, ఫోటో తీసి ఉంచండి.

తిరిగి బిగించడం

ఇక్కడి నుంచి తీసిన వరసకు తిరుగువరస. పళ్ళెం రేకు, కింది కవరు, క్రాంక్ పుల్లీ. మళ్ళీ అయిదో గేరు, మళ్ళీ బ్రేకు మీద మనిషి, క్రాంక్ బోల్టు టార్క్ రెంచ్‌తో 140 నుంచి 150 వరకు. అందాజాగా బిగించొద్దు. ఈ బోల్టు వదులై పుల్లీ ఆడితే క్రాంక్ మీద పుల్లీ జారకుండా పట్టే కీ (చీల) గాడి దెబ్బతింటుంది, అప్పుడు పోయేది క్రాంకే. మౌంటింగు బిగించాకే జాకీ దించండి. వాటర్ పంపు పుల్లీ, బయటి బెల్టులు, పై కవరు, ప్లగ్గులు వరసగా. ప్లగ్గులు మొదట చేత్తోనే మర పట్టించండి. పంపు మార్చి ఉంటే కూలెంట్ నింపి గాలి తీయండి.

కీ పెట్టే ముందు గేరు న్యూట్రల్‌లో ఉందా, బెల్టుల దగ్గర స్పానర్ గానీ గుడ్డ గానీ మిగిలిందా చూడండి. అట్టముక్క మీద ఒక్క బోల్టు మిగిలినా కీ తిప్పొద్దు, అది ఎక్కడిదో తేల్చుకోండి.

బ్యాటరీ కలిపి స్టార్ట్ చేయండి. మొదటి సెల్ఫ్‌కే పట్టాలి. చెవి పెట్టి వినండి. కటకటమని ఇనుప చప్పుడు వస్తే వెంటనే ఆపేయండి. బ్యాటరీ తీసి పెట్టారు కాబట్టి ఐడ్లింగు కాసేపు ఎక్కువ తక్కువ కావచ్చు, సర్దుకుంటుంది. పది నిమిషాలు నడిపి, కింద చుక్కలేమైనా పడుతున్నాయా చూసి, చక్రం బిగించి దించండి. చక్రం నట్లు నేలమీద ఉన్నప్పుడు మరోసారి బిగించండి. ఊళ్ళోనే నాలుగైదు కిలోమీటర్లు తిప్పి తెచ్చి, బానెట్ ఎత్తి మళ్ళీ ఒకసారి చూడండి. కొత్త బయటి బెల్టులు వేసి ఉంటే అవి మొదటి కొన్ని రోజుల్లో సాగుతాయి, 500 కిలోమీటర్ల దగ్గర వాటి బిగువు సరిచేయండి.

ఒక కాగితం మీద తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, బెల్టు కంపెనీ, టెన్షనర్ కూడా మార్చారన్న ముక్క రాసి, పై కవరు మీద పారదర్శక టేపుతో అతికించండి. పార్టుల బిల్లు ఆర్సీతో పాటు డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. రేపు ఈ బండి మీరు అమ్మితే కొన్నవాళ్ళకు ఆ బిల్లు చేతికివ్వండి.